మూడో పెట్టె

కాశీబుగ్గ గేటు దాటాక ఎడమ చేతికి
మా జీడిపప్పు ఫ్యాక్టరీ.
బాయిలర్ పక్కన రెండు నిమిషాలు నిలబడితే చాలు
చొక్కా ఒంటికి అంటుకుపోతుంది.
ఒలిచే షెడ్డులో ఫ్యాన్లు ఐదు,
మూడు బిల్లుకి భయపడి ఆగిపోయాయి.
వెనకాల ఒక్క గదిలో మాత్రం
పన్నెండు నెలలూ పుష్యమాసమే.
పద్దెనిమిది డిగ్రీలు. రాత్రీ పగలూ.
అందులో మనుషులుండరు.
మూడు పెట్టెలుంటాయి, పచ్చగా కళ్లార్పుతూ.
వాటి కాపలాదారుణ్ణి నేను.

మొదటిది బిల్లులు రాస్తుంది.
రెండోది జీతాలు, హాజరు వేలిముద్రలు.
జీడిరసం వేలిగీతలు తినేసిన ఆడవాళ్లని
అది గుర్తుపట్టనంటుంది, ఆ కథ వేరు.
మూడోది ఏం చేస్తుందో
నాకు ముందు పనిచేసినవాడికీ తెలీదు.
'ముట్టుకోకు' అని చీటీ అంటించి వెళ్లిపోయాడు.
ఏడేళ్లు ఆ చీటీకి దణ్ణం పెట్టుకున్నాను.

చైత్రంలో షావుకారు ధర్మారావు గారు
కరెంటు బిల్లు నా బల్లమీద పడేశారు.
పైదేశం కొనుగోలుదారుడెవడో అడిగాడట,
కిలో పప్పుకి ఎంత పొగ వదులుతారని.
"గొట్టం సంగతి నేను చూసుకుంటా,
నీ గది సంగతి నువ్వు చెప్పు."
నా గదిలో పొగేమిటి?

ఆ రాత్రి డ్యూటీలో
కట్టమీంచి బొగ్గు గూడ్సు పోయింది.
వ్యాగన్లు లెక్కపెట్టడం చిన్ననాటి అలవాటు.
యాభై ఎనిమిది.
గార్డు దీపం కనుమరుగయ్యేదాకా చూసి
లోపలికొచ్చి మూడో పెట్టెమీద చెయ్యి వేశాను.
వెచ్చగా ఉంది,
మనిషి ఇప్పుడే లేచెళ్లిన మంచంలా.
ఆ యాభై ఎనిమిదిలో ఎక్కడో ఒక పిడికెడు
దీనికోసమే పోతోంది.

ఆపేశాను.
ఎవరరుస్తారో అని కూచున్నాను.
మొదటిరోజు ఫోను మోగితే గుండె జారింది,
రాంగ్ నంబరు.
వారం గడిచింది. ఎవరూ అరవలేదు.
పాత గుమస్తా బెహరా గారింటికి వెళ్లి అడిగితే
పళ్లసెట్టు కడుక్కుంటూ నవ్వారు.
"సోంపేట బ్రాంచి ఖాతాలయ్యా అవి.
బ్రాంచి ఎత్తేసి పన్నెండేళ్లు.
ఆఖరి పద్దు చేత్తో రాసి అట్టపెట్టెలో పెట్టాను కదా!"
అట్టపెట్టెకి కరెంటు అక్కర్లేదు.

ఆపైన ధైర్యం వచ్చింది.
ఏసీని ఇరవై ఏడుకి లేపాను. మిగతా రెండూ చావలేదు.
రాత్రుళ్లు ఎవరూ చూడని తెరల్ని ఆర్పేశాను.
పది కొత్త కంప్యూటర్లు కొందామన్న కాగితం కింద
పాతవాటికి ర్యామ్ వేస్తే చాలని రాశాను.
బిల్లు తగ్గింది.
ధర్మారావు గారు మెచ్చుకోలేదు, టీ తెప్పించారు.

ఏసీ లేపిన పదకొండోనాడు
తలుపు దగ్గర దాలమ్మ, ఒలిచే షెడ్డు మనిషి.
నల్లబడ్డ చేతులు కొంగులో దాచి,
"నీలు రావట్నేదేటి బావూ?"
ఏ నీళ్లు?
గోడ వెనక్కి తీసుకెళ్లింది.
ఏసీ గొట్టం కింద మూతి తెగిన నూనె డబ్బా.
చుట్టూ బెండ, గోంగూర, ఒక మునగ పిలక.
ఏడేళ్లూ నేను చూడని తోట.
"రోజుకి రెండు బిందిలొచ్చీవి,
ఇప్పుడు సెంబుడు కూడా నేదు."

నేను చేసిన మంచిపనికి
అరిచిన మనిషి ఈవిడొక్కతే.

బొగ్గు, గూడ్సు, యాభై ఎనిమిది అంటూ మొదలెట్టాను.
వాడిన ఆకొకటి తుంచి నలుపుతూ వింది.
"అయితే మిగిలిన కరెంటు మాకిచ్చినా బాగున్ను గదా,
మా షెడ్డులో మూడు పంకాలు తిరగవు."

గదిలోకొచ్చి లెక్క కట్టాను.
మూడో పెట్టె తిన్నదీ, దాన్ని చల్లబరచడానికి అయినదీ
కలిపితే మూడు ఫ్యాన్లకి సరిపోయి
కొంచెం మిగులుతుంది.
కాగితం షావుకారు బల్లమీద ఉంది,
ఇంకా సంతకం కాలేదు.

ఈలోగా పొద్దుటే వచ్చి
బాయిలర్ తొట్టి పొర్లిన నీళ్లు చల్లార్చి
గోంగూరకి నేనే మోస్తున్నాను.
రెండు బిందెలు.